పశువుకు సూది – పాలకు ఏడు రోజులు
(పశువుల మందులు, ఆహార భద్రత చట్టాల గురించి మనం తెలుసుకోవలసిన సంగతులు)

నేను హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు ఒకసారి వరుసగా రెండు రోజులు పెరుగు తోడుకోలేదు. వంటామె ఎప్పటిలాగే రాత్రి పాలు కాచి, గోరువెచ్చగా అయినాక తోడు వేసి మూత పెట్టింది. తెల్లారి మూత తీస్తే గంజులో పాలు పాలలాగే ఉన్నాయి. "తోడు మంచిగ లేదు సార్" అని ఆమె అన్నది. "పాలల్ల నీళ్ళు కలిపిండ్రు" అని వార్డెన్ సారు అన్నారు. పాలు పోసే పెద్దమనిషిని పిలిపించారు. ఆయన చేతులు జోడించి, "నా బిడ్డ మీద ఒట్టు సార్, చుక్క నీళ్ళు కలుపలే. బర్రెకు పొదుగు వాస్తే మొన్ననే సూది ఇప్పిచ్చిన. ఇప్పుడు పాలు మంచిగనే ఇస్తున్నది" అన్నాడు. ఆ సూది మాటను మేమెవరం పట్టించుకోలేదు. లాక్టోమీటర్ వేసి చూస్తే నీళ్ళు కలవలేదని తేలింది. అంతటితో విచారణ ముగిసింది. మేము రెండు రోజులు చారుతో తిన్నాం.

తరువాత పశువైద్యం చదువుకునేటప్పుడు పొదుగువాపు వ్యాధి పాఠం దగ్గరికి వచ్చేసరికి ఆ గంజు నాకు గుర్తుకు వచ్చింది. పాలను పెరుగుగా మార్చేది మేలు చేసే సూక్ష్మక్రిములు. పొదుగువాపుకు ఇచ్చే పెన్సిలిన్ వంటి యాంటీబయాటిక్ మందులు సూక్ష్మక్రిములను చంపడానికి పుట్టినవి. వాటికి మంచి క్రిమి, చెడ్డ క్రిమి అనే తేడా తెలియదు. పొదుగులోకి ఎక్కించిన మందు, కండకు ఇచ్చిన సూది మందు కూడా కొంత పాలలోకి దిగుతుంది. ఆ పాలలో తోడు వేస్తే తోడులోని క్రిములే చస్తాయి. డెయిరీ ప్రయోగశాలల్లో మందు జాడలు కనిపెట్టే ఒక రకం పరీక్షకు కూడా ఇదే సూత్రం ఆధారం: పాలలో తెలిసిన క్రిమిని వేసి పెరుగుతుందా లేదా అని చూస్తారు. పెరగకపోతే అనుమానించాలి. అయితే పెరుగు తోడుకోని ప్రతిసారీ మందే కారణం అనుకోరాదు. చలి ఎక్కువైనా, తోడు పాతబడినా, పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడు వేసినా ఇదే జరుగుతుంది. ఆనాటి మా గంజులో నిజంగా ఏముండేనో ఇప్పుడు రుజువు చేయలేను. కాని అడగవలసిన ప్రశ్న మాత్రం మేము అడగలేదు.

మరిగిస్తే పోదా?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఒక గట్టి నమ్మకం ఉంది. "ఏం కాదు బిడ్డా, మసలబెడితే అన్నీ పోతయి" అంటారు. ఇందులో సగం నిజం, సగం అపాయం ఉన్నాయి. ఈ రెండు సగాలను విడదీసి చూడగలిగితే ఈ పాఠంలో సగం అర్థమైనట్లే.

పాలు బాగా మరిగిస్తే క్రిములు చస్తాయి. బర్రెలు, ఆవులు, గొర్లు, మేకలు ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా క్రిమి పచ్చిపాల ద్వారా మనిషికి సోకి, వచ్చిపోయే జ్వరాలు, కీళ్ళ నొప్పులు తెస్తుంది. మరిగిస్తే ఆ భయం లేదు. (కాని ఈసుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో తీసేవారికి ఏ పొయ్యీ రక్ష కాదు.) కోడిమాంసం, గుడ్డు లోపలి దాకా ఉడికితే బర్డ్ ఫ్లూ వైరస్ కూడా నశిస్తుంది, 70 డిగ్రీల వేడి చాలు.

మందు క్రిమి కాదు. అది రసాయనం. యాంటీబయాటిక్‌లలో చాలా వాటిని ఇంటి పొయ్యి మీద మరిగించినంత మాత్రాన పాలలోంచి పోగొట్టలేము. కొన్ని కొంత తగ్గుతాయి, కొన్ని దాదాపు అట్లాగే ఉంటాయి. పెన్సిలిన్ పడని మనిషి ఆ పాలు తాగితే ఒంటి మీద దద్దుర్లు లేవవచ్చు. అంతకంటే పెద్ద కీడు కంటికి కనపడదు. మందు కొద్దికొద్దిగా తగులుతూ ఉంటే బలహీనమైన క్రిములు చచ్చి, తట్టుకునేవి మిగులుతాయి. మిగిలినవే పిల్లలు పెడతాయి. రేపు మనకు న్యుమోనియానో, పుండో వచ్చి దవఖానకు పోతే, డాక్టరు రాసిన మందు పనిచేయకపోవచ్చు. అందుకే మందు పోసిన పశువు పాలను దూడకు తాపడం కూడా మంచిది కాదు. పారబోయడానికి మనసు రాక చాలామంది చేసే పని అదే.

పొయ్యి చేయలేని పనిని రోజులు చేస్తాయి. పశువు కాలేయం, మూత్రపిండాలు ఆ మందును నెమ్మదిగా కరిగించి బయటికి పంపుతాయి. దానికి పట్టే కాలాన్నే విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. మందు ఆపిన తరువాత పాలు, గుడ్లు, మాంసం వాడకుండా ఆగవలసిన గడువు అని మనం చెప్పుకోవచ్చు.

సీసా మీద ఏముంటుంది?

సెలవులకు ఇంటికి పోయినప్పుడు కొట్టం గూట్లో చూడండి. ఖాళీ సూదిమందు సీసాలు, నట్టల మందు డబ్బాలు దుమ్ము పట్టి ఉంటాయి. ఒకటి తీసుకొని తుడిచి చదవండి. పశువుల మందు అయితే దాని మీద పశువు తల బొమ్మ ఉండాలి. "మనుషుల వాడకానికి కాదు, పశువుల చికిత్సకు మాత్రమే" అనే అర్థం వచ్చే మాటలు ఉండాలి. ఇవి కంపెనీ వారి ఇష్టానికి వదిలిన సంగతులు కావు. 1940 నాటి ఔషధాల చట్టం కింద 1945లో వచ్చిన నిబంధనలు, వాటికి తరువాత చేసిన సవరణలు చెప్పిన విషయాలు.

2012 జనవరిలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఈ నిబంధనలకు ఒక ముఖ్యమైన సవరణ చేసింది. మనం తినే పాలు, గుడ్లు, మాంసం ఇచ్చే జీవాలకు వాడే మందు సీసా మీద ఆగవలసిన గడువు తప్పక అచ్చువేయాలి. పరీక్షలు చేసి ఆ మందుకు సొంతంగా గడువు నిర్ణయించి ఉంటే దాన్ని వేయాలి. అట్లా నిర్ణయించి లేకపోతే పాలకు, గుడ్లకు 7 రోజులకు తగ్గకుండా, కోడి మాంసానికి, పశువుల మాంసానికి 28 రోజులకు తగ్గకుండా గడువు ఉండాలి. మాంసం అంటే కొవ్వు, కార్జం కూడా అందులో వస్తాయి. చేపలకు రోజుల లెక్క కాదు, నీటి వేడిని రోజులతో హెచ్చవేసి 500 రావాలి. నీళ్ళు 25 డిగ్రీలుంటే 20 రోజులు అన్నమాట. ఈ లెక్క చదివినప్పుడు నాకు మన గణితం సారు గుర్తుకు వచ్చారు.

రోజులను ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి అన్నది చాలామంది పొరపడే చోటు. మొదటి సూది నుంచి కాదు, చివరి సూది నుంచి. సోమవారం, మంగళవారం, బుధవారం మూడు సూదులు ఇస్తే బుధవారం నుంచి ఏడు రోజులు. పశువు తేరుకున్నది కదా అని రెండో సూదితోనే ఆపేస్తే గడువు ముందే అయిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. అరకొర చికిత్సే తట్టుకునే క్రిములను పెంచుతుంది.

ఇదంతా చిన్న అక్షరాలతో, ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. ఆ సీసాను చేతబట్టే మన అమ్మానాన్నలలో ఎంతమంది దాన్ని చదవగలరు? చట్టం లేబుల్ మీద రాయించింది గాని చదివించలేకపోయింది. మన ఇళ్ళలో ఆ అక్షరాలు చదవగలిగిన మొదటి మనిషి చాలాసార్లు హాస్టల్లో ఉన్న పిల్లవాడే. నేను సెలవులకు వచ్చినప్పుడు చదివి చెబితే మా అమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. చివరి సూది ఇచ్చిన నాటి నుంచి కొట్టం గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీస్తుంది. ఏడు గీతలు నిండేదాకా ఆ బర్రె పాలు విడిగా పిండి పెంట గుంతలో పోస్తుంది.

ఇక్కడ ఒక కష్టం ఉంది, దాన్ని దాచి పాఠం చెప్పడం న్యాయం కాదు. లెక్క కోసం బర్రె రోజుకు 6 లీటర్లు ఇస్తుందనుకుందాం, లీటరుకు 40 రూపాయలు వస్తాయనుకుందాం. ఏడు రోజులకు 1,680 రూపాయలు. సూదుల ఖర్చు వేరే. ఒక్క బర్రె మీద సంసారం నడిపే ఇంటికి అది వారం కూలి కంటే తక్కువ కాదు. ఆ నష్టాన్ని పూడ్చే ఏర్పాటు చట్టంలో లేదు. "పారబొయ్యమని చెప్పుడు అల్కగనే ఉంటది, నువ్వు పారబొయ్యి" అని మా నాన్న ఒకసారి నన్నే అన్నాడు. ఆయన తప్పు మాట్లాడలేదు. అందుకే పొదుగువాపు రాకుండా చూసుకోవడమే అన్నిటికంటే చవక: కొట్టం పొడిగా ఉంచడం, పాలు పిండే ముందు పొదుగును, చేతులను శుభ్రంగా కడిగి తుడవడం, పిండిన వెంటనే బర్రెను పడుకోనీయకుండా కాస్త మేత వేయడం. పిండాక చనుమొన రంధ్రం మూసుకోవడానికి కొంతసేపు పడుతుంది. ఆ లోపల బురదలో పడుకుంటే క్రిములు లోనికి పోతాయి.

చట్టం ఎక్కడ ఆగిపోతుంది?

మందుకు ఒక చట్టం ఉంది, ఆహారానికి ఇంకొక చట్టం ఉంది. ఈ రెండింటి మధ్య మన కొట్టం ఉంది.

మందు చట్టం సంగతి చూద్దాం. యాంటీబయాటిక్‌లలో చాలా మటుకు షెడ్యూల్ హెచ్ మందులు. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదు. పశువుకు ఆ చీటీ రాయవలసినది పశువైద్యుడు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదైన పశువైద్యులే చికిత్స చేయాలి. డిప్లొమా, శిక్షణ ఉన్న సిబ్బంది వారి పర్యవేక్షణలో చిన్న సేవలు చేయవచ్చు. ఊళ్ళో జరిగేది మీకు తెలుసు. రాత్రి పూట బర్రె పడిపోతే దవఖాన పక్క మండలంలో ఉంటుంది. ఊళ్ళో సూది వేసేవాడు పిలిస్తే పలుకుతాడు. మెడికల్ షాపులో "పాల బర్రెకు, జ్వరమున్నది" అంటే చీటీ అడగకుండానే మందు ఇస్తారు. గడువు సంగతి ఎవరూ చెప్పరు. ఈ దూరాన్ని తగ్గించడానికే 2017లో తెలంగాణ ప్రభుత్వం 1962 నంబరుతో సంచార పశువైద్య వాహనాలు ప్రారంభించింది.

ఆహార చట్టం రెండో వైపు నుంచి వస్తుంది. 1954 నాటి కల్తీ నిరోధక చట్టం స్థానంలో 2006లో ఆహార భద్రత, ప్రమాణాల చట్టం తెచ్చారు. 2011 ఆగస్టు 5 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని 21వ సెక్షన్ ఆహారంలో పురుగుమందుల జాడలే కాదు, పశువుల మందుల జాడలు, యాంటీబయాటిక్ జాడలు కూడా నిర్ణీత పరిమితిని మించి ఉండరాదని చెబుతుంది. చదవడానికి గట్టిగానే ఉంది. కాని 18వ సెక్షన్‌లోనే ఇంకో మాట ఉంది. రైతుకు, అతని పశువులకు, పొలం దగ్గర పండే పంటకు ఈ చట్టం వర్తించదు. చిన్న రైతును అధికారుల చుట్టూ తిప్పకూడదనే ఆ మాట పెట్టి ఉంటారు, అది అవసరమే. ఫలితం మాత్రం ఇది: మందు చట్టం షాపు గల్లా దగ్గర ఆగిపోతుంది, ఆహార చట్టం పాలకేంద్రం దగ్గర మొదలవుతుంది. నడుమ ఏడు రోజులు ఎవరి కాపలాలోనూ లేవు.

పాలకేంద్రంలో కూడా సాధారణంగా కొలిచేది వెన్న శాతం, ఇతర ఘనపదార్థాల శాతం. డబ్బు వాటిని బట్టే వస్తుంది. ఏది కొలిస్తే దాని మీదే మనిషికి శ్రద్ధ ఉంటుంది. మందు జాడ లేని పాలకు లీటరుకు ఒక రూపాయి ఎక్కువ ఇస్తామంటే గోడల మీద బొగ్గు గీతలు ఊరంతా కనిపిస్తాయని నా అభిప్రాయం.

మరి పరిస్థితి అంత ఘోరంగా ఉందా? లేదనే చెప్పాలి. ఆహార భద్రత సంస్థ 2018లో దేశమంతటా 1,100కు పైగా పట్టణాల నుంచి 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించి, 2019 అక్టోబరులో ఫలితాలు ప్రకటించింది. దాదాపు 93 శాతం నమూనాలు ఆరోగ్యానికి సురక్షితమని తేలింది. పరిమితికి మించి యాంటీబయాటిక్ జాడలున్నవి 77 నమూనాలు, అంటే 1.2 శాతం. ప్రజలు ఎంతో భయపడే కల్తీ, ప్రాణానికి హాని కలిగించే స్థాయిలో, 12 నమూనాలలోనే కనిపించింది. అందరినీ ఆశ్చర్యపరిచింది ఇంకొకటి: 368 నమూనాలలో, అంటే 5.7 శాతంలో, అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితికి మించి ఉంది.

ఈ విషం సంగతి పాలమూరు పిల్లలు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. ఎందుకంటే అది మన పల్లి చేనుతో ముడిపడి ఉంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియని రోగంతో చచ్చిపోయాయి. వెతికితే అవి తిన్న దాణాలోని బ్రెజిల్ పల్లి చెక్కలో ఒక రకం బూజు ఉందని, ఆ బూజు విషాన్ని తయారుచేస్తుందని తెలిసింది. అదే అఫ్లాటాక్సిన్. గద్వాల, వనపర్తి, అచ్చంపేట వైపు పల్లి పండించే ఇళ్ళలో ఏరి పారేసిన పుచ్చు గింజ, తడిసి నల్లబడ్డ కాయ, బూజు పట్టిన చెక్క ఎక్కడికి పోతాయి? బర్రె తొట్టిలోకి. బర్రె కాలేయం ఆ విషాన్ని కొంచెం మార్చి పాలలోకి పంపుతుంది. ఇది కూడా మరిగిస్తే పోదు. మన దేశంలో కిలో పాలకు అర మైక్రోగ్రాము దాకా, అంటే గ్రాములో ఇరవై లక్షల వంతు దాకా, అనుమతి ఉంది. మేత మార్చిన కొద్ది రోజులకు పాలు శుభ్రపడతాయి. ఇక్కడ సూది లేదు, షాపు లేదు, మోసం లేదు; పారేయడం ఇష్టం లేని పొదుపు మాత్రమే ఉంది.

నిషేధించిన మందులు

గడువు పాటించినా ఆగని కీడు కొన్ని మందులతో ఉంది. వాటిని నిషేధించవలసి వచ్చింది. అందులో డైక్లోఫెనాక్ కథ అందరూ తెలుసుకోదగినది. ఒకప్పుడు ఊరి బయట పశువు చస్తే రాబందులు దిగేవని మన తాతలు చెబుతారు. 1990ల ఆరంభం నుంచి 2007 నాటికి దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. నొప్పికి, జ్వరానికి పశువుకు వేసే డైక్లోఫెనాక్ సూదే దీనికి కారణమని 2004లో పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో బయటపడింది. మందు పడిన పశువు కళేబరాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు చెడిపోయి కొద్ది రోజులకే చస్తుంది. మన ప్రభుత్వం 2006లో పశువులకు ఈ మందు తయారీని ఆపమని ఆదేశించి, 2008లో గెజెట్ ద్వారా నిషేధాన్ని గట్టిపరచింది.

అయినా సూదులు ఆగలేదు. మనుషులకు అమ్మే డైక్లోఫెనాక్ 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాల్లో దొరికేది. మనిషికి అంత మోతాదు అక్కరలేదు, బర్రెకు సరిగ్గా సరిపోతుంది. ఈ కిటుకు గమనించి 2015లో మనుషుల సూదిమందును 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు సీసాకు పరిమితం చేశారు. బర్రెకు వేయాలంటే పది సీసాలు పగలగొట్టాలి. జైలు భయం చేయని పనిని సీసా సైజు చాలావరకు చేసింది. 2023లో రాబందులకు హాని చేసే కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు నిషేధించారు. మెలోక్సికామ్ అనే మందు రాబందులకు హాని చేయదని తేలింది. పశువులకు అదే వాడవచ్చు.

కోళ్ళ ఫారాల సంగతి కొలిస్టిన్‌తో ముడిపడి ఉంది. మిగతా మందులేవీ పనిచేయనప్పుడు పెద్ద దవఖానల్లో రోగికి చివరి ఆశగా ఇచ్చే మందు అది. దాన్ని కోళ్ళు త్వరగా బరువు పెరగాలని దాణాలో కలిపేవారు. ఆ మందును తట్టుకునే గుణం ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి పాకగలదని 2015లో చైనా శాస్త్రవేత్తలు పందులలోను, మాంసంలోను, రోగులలోను కనుగొన్నారు. 2019 జూలైలో మన దేశం ఆహార జీవాలకు, కోళ్ళకు, చేపల చెరువులకు, దాణాకు కొలిస్టిన్‌ను నిషేధించింది.

నిషేధం ఎప్పుడూ సూటిగా తగలదు. పాలు చేపడానికి వేసే ఆక్సిటోసిన్ సూదిని ఆపాలని 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు దాన్ని తయారు చేయరాదని ఉత్తర్వు ఇచ్చింది. కాన్పు తరువాత రక్తస్రావం ఆపడానికి తల్లులకు ఇచ్చేది కూడా అదే మందు. కొరత వస్తే తల్లుల ప్రాణాలకే ముప్పని కొందరు కోర్టుకు పోయారు. 2018 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2019లో సుప్రీంకోర్టు విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపింది.

రోగం వస్తే చెప్పాలా, దాచాలా?

2025 ఫిబ్రవరిలో చౌటుప్పల్ మండలం నేలపట్లలో ఒక చిన్న ఫారంలో కోళ్ళు చనిపోయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. మార్చిలో చిట్యాల మండలం గుండ్రాంపల్లిలో అదే రోగం బయటపడి, సుమారు 2 లక్షల కోళ్ళను పూడ్చిపెట్టినట్లు పత్రికలు రాశాయి. రెండూ పాత నల్లగొండ జిల్లా ఊళ్ళే, హైదరాబాద్ – విజయవాడ రోడ్డు వైపువే. ఇటువంటి అనుమానం వస్తే నమూనాలు భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పోతాయి. రోగం నిర్ధారణ అయితే ఫారం చుట్టూ ఒక కిలోమీటరు లోపలి కోళ్ళను చంపి పూడుస్తారు, 10 కిలోమీటర్ల దాకా నిఘా పెడతారు. తెల్లటి రక్షణ దుస్తుల్లో మనుషులు దిగితే ఊరు భయపడుతుంది. అది మన కూర గంజు కోసం పడే భయం కాదు, ఉడికిన కోడితో ప్రమాదం లేదని ముందే చెప్పుకున్నాం. బతికున్న కోళ్ళను, రెట్టను, ఈకలను ముట్టుకునే కూలీలకు, పక్క ఫారాలకు అసలు ముప్పు.

దీనికి ఆధారం 2009లో పార్లమెంటు చేసిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం. షెడ్యూల్‌లో చెప్పిన రోగం అనుమానం వచ్చిన వెంటనే యజమాని గ్రామ అధికారికో పంచాయతీకో చెప్పాలి, వారు పశువైద్యుడికి తెలపాలి. రోగమున్న పశువును మందలో కలపరాదు, సంతకు తోలరాదు, కళేబరాన్ని వాగులోనో చెరువులోనో పారవేయరాదు. కోళ్ళకు పరిహారం కూడా ఉంది. కాని ప్రభుత్వ బృందం చంపిన వాటికే ఇస్తారు. బృందం రాకముందే చచ్చినవాటికి రాదు. అంటే త్వరగా చెప్పినవాడికే ఎక్కువ దక్కుతుంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే దాచేవాళ్ళు సగం తగ్గుతారు.

గొర్ల సంగతి ఇంకా సున్నితమైనది. 2019 పశుగణనలో తెలంగాణలో సుమారు 1.9 కోట్ల గొర్లు ఉన్నట్లు లెక్క తేలి, రాష్ట్రం దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. వాటిలో పాలమూరు మందలు ఎన్నో. గొర్రె ఉన్నట్లుండి చచ్చి, పొట్ట ఉబ్బి, ముక్కు నుంచి, వెనుక నుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు వస్తే అది దొమ్మరోగం కావచ్చు. ఆంత్రాక్స్ అంటే ఇదే. చచ్చిన గొర్రెను పారేయడానికి మనసొప్పక కోసి పాళ్ళు పంచుకోవడం మనకు తెలియని సంగతి కాదు. ఈ రోగంలో కత్తి పెట్టడమే ప్రమాదం. గాలి తగిలితే ఆ క్రిమి గట్టి పెంకు కట్టుకొని మట్టిలో దశాబ్దాల పాటు బతుకుతుంది. కోసిన చేతికి నల్లటి పుండు వస్తుంది. కూర ఉడికించే వేడిని నమ్ముకోవద్దు. కోయకుండా, తోలు తీయకుండా, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి, దవఖానకు చెప్పాలి.

రోగం లేని గొర్రెకు కూడా గడువు ఉంటుంది. పెబ్బేరు సంతకు తోలే ముందు నిగనిగలాడాలని నట్టల మందు తాపుతారు. కోతకు పోయే జీవమైతే లేబుల్ మీద వేరే గడువు లేనప్పుడు కనీసం 28 రోజుల ముందే తాపాలి. సంత రోజు నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం కాపరికి కష్టం కాదు, చెప్పేవాళ్ళు ఉంటే.

ఇక హాస్టల్ దగ్గరికి వద్దాం. ఆహార చట్టం 40వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు ఎవరైనా తాను కొన్న ఆహారాన్ని రుసుము కట్టి ఫుడ్ ఎనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. ఆహారం ప్రమాణాలకు లేదని తేలితే కట్టిన రుసుము తిరిగి పొందే హక్కు ఉంది. ఫుడ్ సేఫ్టీ అధికారి స్వయంగా నమూనా తీస్తే ఎనలిస్టు 14 రోజులలో నివేదిక ఇవ్వాలి. మన రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది. ప్రతి చిన్న అనుమానానికీ నాచారం పోనక్కర లేదు. పాలు పోసేవారి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, ఏ పశువుకు ఎప్పుడు చివరి సూది పడింది, ఏ రోజు నుంచి మళ్ళీ పాలు కలుపుతున్నారు అని రాయించుకుంటే సరిపోతుంది. వారానికి ఒక విద్యార్థి చొప్పున ఆ పుస్తకం చూడవచ్చు. అయితే ఆ వారం పోయని పాల సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. నిజం చెప్పినందుకు వాడుక పోతుందనుకుంటే ఎవరూ ఆ పుస్తకంలో నిజం రాయరు.

మా పాలు పోసే పెద్దమనిషి ఆనాడు సూది సంగతి తనంతట తానే చెప్పాడు. సూది వేసి ఎన్ని రోజులైందని మాలో ఒక్కరు అడిగినా దానికి కూడా జవాబు చెప్పేవాడే.